సేద్యపు జమాఖర్చు – నేల లెక్క, నీటి లెక్క

మన రైతును “ఈ ఏడు పంట ఎట్లున్నది?” అని అడిగినచో ఎకరమునకు ఎన్ని బస్తాలు రాలినవో తడుముకొనక చెప్పును. “ఖర్చులు పోను ఎంత మిగిలినది?” అని అడిగినచో మాత్రము ఒక నిట్టూర్పే జవాబు. కిరాణా కొట్టు పెట్టినవాడు సాయంకాలమునకు గల్లా లెక్క చూచుకొనక నిద్రపోడు. లక్షల రూపాయలు మట్టిలో పోసి, నాలుగు నెలలు కాచుకొని కూర్చుండు రైతునకు మాత్రము లెక్క పుస్తకముండదు. ఉన్న కాగితములు రెండే: ఎరువుల దుకాణముదారుడు వ్రాసిన అరువు చిట్టా, బ్యాంకువారి నోటీసు. ఆ రెండును ఇతరులు వ్రాసినవే.

ఇది రైతు సొంత వ్యవహారము కదా, పంచాయతికి దీనితో పనియేమి అని సభ్యులు కొందరు అడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదునొకండవ షెడ్యూలును తెరచి చూచినచో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో మొదటిది వ్యవసాయము, వ్యవసాయ విస్తరణ. రెండవది భూమి అభివృద్ధి, భూసార సంరక్షణ. మూడవది చిన్న నీటి వనరులు, నీటి యాజమాన్యము. వీధి దీపములు, మురుగు కాలువలు వీటి తరువాతనే వచ్చును. పైగా నేల సారము, భూగర్భ జలము ఏ ఒక్క రైతు గట్టుతో ఆగునవి కావు. ఒకని లెక్క సరిగా తేలవలెనన్నను పొరుగువాని లెక్క ప్రక్కన ఉండవలెను. ఆ రెండు లెక్కలను ఒకచోట చేర్చగల సంస్థ గ్రామములో పంచాయతియే.

లెక్క ఎట్లు వ్రాయవలెను?

పుస్తకము ఇంటికొకటి కాదు, చేనుకొకటి కావలెను. రెండు చేలున్న రైతు రెండింటి ఖర్చును కలిపి వ్రాసినచో ఒకదాని నష్టమును ఇంకొకదాని లాభము మ్రింగివేయును. ఏ చేను తనను ముంచుచున్నదో అతనికి ఎన్నటికిని తెలియదు. పుటకు ఎడమవైపు తేది, పని, కుడివైపు రొక్కము. దుక్కి, విత్తనము, నారు, నాట్లు, ఎరువులు, పురుగు మందులు, కలుపు, కోత, నూర్పిడి, రవాణా, కౌలు, అప్పుపై వడ్డీ. ఇవి చేతి నుండి పోవు సొమ్ములు గనుక జ్ఞాపకముండును. ఇంటివారి కష్టము మాత్రము జ్ఞాపకముండదు. భార్యాభర్తలిరువురు ముప్పది దినములు చేనిలో వంగి పనిచేసినచో, ఆ దినములను కూడ వేరొక గడిలో వ్రాయవలెను. కూలి కట్టకపోయినను సరే, దినముల సంఖ్య ఉండవలెను.

ఇట్లు విభజించుట క్రొత్త సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వము 1954–55 నుండి సేద్యపు ఆర్థిక పరిశీలనలు జరిపించినది. ఆ దశాబ్దములోనే మన పశ్చిమ గోదావరి జిల్లాలో రైతుల ఇంటింటికి పోయి లెక్కలు వ్రాసిరి. 1965లో ఏర్పడి, 1985 నుండి వ్యవసాయ వ్యయ, ధరల కమీషనుగా పిలువబడుచున్న సంస్థ నేటికిని ఖర్చును మెట్లు మెట్లుగా లెక్కించుచున్నది. చేతినుండి పోయిన ఖర్చులు, చెల్లించిన కౌలు కలిపి ‘ఏ–2’ అందురు. దానికి ఇంటివారి శ్రమ విలువ చేర్చుట రెండవ మెట్టు. సొంత భూమికి కౌలు వచ్చియుండునన్న విలువను, సొంత పెట్టుబడిపై వడ్డీని కూడ చేర్చినచో ‘సి–2’ అగును. సభ్యులు ఈ పేర్లు కంఠస్థము చేయనక్కరలేదు. ఇరువురు రైతులు ఒకే మెట్టు మీద నిలిచి మాట్లాడుచున్నారా అన్నదే చూడవలెను. ఒకడు ఇంటి శ్రమను కలిపి, ఇంకొకడు కలుపక లాభము చెప్పినచో ఆ పోలిక వ్యర్థము.

పోలిక వలన తేలునదేమి?

ఒకే పంట, ఒకే రకపు నేల, ఒకే నీటి వసతి గల పదునైదుగురు రైతులను తీసికొనుడు. కాలువ క్రింది వరిని బోరు క్రింది వరితో పోల్చరాదు. రేగడిని ఎఱ్ఱ చెలకతో పోల్చరాదు. పంట అమ్మిన పిమ్మట, ఎకరమునకు మిగిలిన సొమ్మును బట్టి వారిని వరుసగా వ్రాయుడు. పైనున్న అయిదుగురి సగటును, క్రిందనున్న అయిదుగురి సగటును ఎదురెదురుగా ఉంచుడు. గ్రామపు మొత్తము సగటు అంతగా పనికిరాదు. సగటు రైతు అనువాడు ఏ గ్రామములోను ఉండడు. అతనిని చూచి నేర్చుకొనువారును ఉండరు.

చూపుటకై ఒక లెక్క వేయుదము; ఇందలి దిగుబడులు, ఖర్చులు కల్పించినవి. పై అయిదుగురికి ఎకరమునకు 25 క్వింటాళ్ల ధాన్యము, 31,000 రూపాయల ఖర్చు. క్రింది అయిదుగురికి 26 క్వింటాళ్లు, 42,000 రూపాయలు. 2024–25 సంవత్సరమునకు సాధారణ రకము వరికి కేంద్రము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 2,300 రూపాయలు. ఆ ధరకు అమ్మినచో పైవారికి 26,500, క్రిందివారికి 17,800 మిగులును. ఎక్కువ పండించినవాడే తక్కువ మిగుల్చుకొన్నాడు! కళ్లము వద్ద రాశిని చూచి పొగడు మన అలవాటు ఎంత పొరపాటో చూడుడు. క్వింటాలు ధాన్యము పండించుటకు పైవారికి 1,240 రూపాయలు పట్టగా క్రిందివారికి 1,615 పట్టినది. ధర ఏ కారణముచేతనైనను 1,600కు పడిపోయినచో పైవారు నిలుతురు, క్రిందివారు అప్పులపాలగుదురు.

ఇక్కడ ఆగిపోయినచో ఈ పోలిక ఎత్తిపొడుపుగా మిగులును. ఖర్చులలోని 11,000 రూపాయల తేడా ఏ పద్దులలో ఉన్నదో చూడవలెను. ఎరువులలో 3,500, పురుగు మందులలో 3,000, యంత్రముల బాడుగ, కూలిలో 3,000, వడ్డీలో 1,500 అనుకొందము. వడ్డీ తేడాకు మందు సహకార సంఘములో ఉన్నది, చేనిలో లేదు. పురుగు మందుల తేడా ఎన్నిసార్లు చల్లిరో, ఎవరు చెప్పగా చల్లిరో అడిగిన తేలును. ఎరువుల తేడాకు మాత్రము ఇంకొక కాగితము కావలెను.

భూసార పత్రమును బిల్లు ప్రక్కన ఉంచుట

ఆ కాగితము భూసార పరీక్షా పత్రము. కేంద్ర ప్రభుత్వము 2015 ఫిబ్రవరిలో ఆరంభించిన పథకము క్రింద పన్నెండు అంశములు పరీక్షించి రైతులకు పత్రము లిచ్చుట మొదలైనది: నత్రజని, భాస్వరము, పొటాష్, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను, ఉదజని సూచిక, లవణముల పరిమాణము, సేంద్రియ కర్బనము. పత్రము చాల ఇండ్లలో పట్టాదారు పుస్తకముతో పాటు పెట్టెలో భద్రముగా ఉన్నది. చదివినవారు తక్కువ. ఎరువుల బిల్లు ప్రక్కన పెట్టి చదివినవారు మఱియు తక్కువ.

వరికి ఎకరమునకు సామాన్యముగా సిఫారసు చేయబడిన భాస్వరము 24 కిలోలు. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో 23 కిలోల భాస్వరము, 9 కిలోల నత్రజని ఉండును. అనగా ఒక్క బస్తాతో భాస్వరపు అవసరము దాదాపు తీరుచున్నది. పత్రములో భాస్వరము ‘ఎక్కువ’ అని యున్నచో అంతకూడ అక్కరలేదు. అయినను మూడు బస్తాలు వేయు రైతులు కలరు. మిగిలిన రెండు బస్తాలకు, 2024 నాటి 1,350 రూపాయల గరిష్ఠ ధర చొప్పున, 2,700 రూపాయలు. వానిలోని 18 కిలోల నత్రజని కావలెనన్నచో 40 కిలోల యూరియా చాలును. ఒక బస్తా ఖరీదు మూడు వందలకు లోపే. ఎకరమునకు సుమారు 2,400 రూపాయలు నేలలో పాతిపెట్టుచున్నాడన్న మాట.

నష్టము అంతటితో పోదు. నేలలో పేరుకొన్న భాస్వరము జింకును పైరునకు అందనీయదు. ఆకులపై తుప్పు మచ్చలు కనబడును. రైతు మరల దుకాణమునకు పరుగెత్తి జింకు సల్ఫేటు కొనును. మొదట జబ్బును కొని, పిమ్మట మందును కొన్నట్లయినది. పొదుపు, నేల సంరక్షణ అనునవి రెండు వేర్వేరు ధర్మములని మనమనుకొందుము. ఈ ఒక్క పద్దులో చూచినచో అవి రెండును ఒకటే.

పత్రమును గ్రుడ్డిగా నమ్మవలెనని మాత్రము కాదు. ఈ పథకములో నీటి వసతి గల భూములలో రెండున్నర హెక్టార్లకు ఒకటి, మెట్ట భూములలో పది హెక్టార్లకు ఒకటి చొప్పున మట్టి నమూనా తీసిరి. కాబట్టి పత్రము మీద రైతు పేరున్నను మట్టి పొరుగువాని చేనిది కావచ్చును. అనుమానమున్నచోట మరల తీయించుట మేలు. చేనిలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతున గుంట తీసి, ప్రక్కల నుండి పలుచగా మట్టి చెక్కి, అన్నింటిని కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను తీసివేయుచు అరకిలో మిగిల్చి పంపవలెను. గట్ల ప్రక్కను, పెంటకుప్ప వేసిన చోటను, చెట్ల నీడను తీయరాదు. సేంద్రియ కర్బనము నూటికి అరపాలు కంటె తక్కువ యున్నచో అది పేద నేల. మన మెట్ట ప్రాంతములలో అట్టి నేలలు విస్తారము. అట్టి నేలకు చెరువు మట్టి, పశువుల ఎరువు, పచ్చిరొట్ట కావలెను. వీని ఫలము ఒక్క పంటలో తీరదు గనుక, తోలుడు ఖర్చును మూడు నాలుగేండ్లకు పంచి వ్రాయవలెను. మొదటి ఏడే అంతయు వ్రాసినచో చెరువు మట్టి తోలినవాడు ఆ ఏటి పట్టికలో అట్టడుగున కనబడును. చూచినవారు మట్టి తోలుటయే నష్టమని తలంతురు.

కనబడని ఖర్చు – నీరు

బోర్ల క్రింద సేద్యము చేయు గ్రామములలో అన్నింటికంటె పెద్ద ఖర్చు పుస్తకములో ఎక్కడను కనబడదు. వ్యవసాయమునకు కరెంటు ఉచితమైనందున నీటికి పద్దు లేదు. పద్దు లేనిది ఉచితమని మనస్సునకు తోచును. ఆ ఖర్చు బోరు ఎండిన నాడు ఒక్కసారిగా వచ్చి మీద పడును.

లక్షన్నర రూపాయలతో వేసిన బోరు పదేండ్లు పనిచేసినచో సంవత్సరమునకు 15,000 పడును. మూడేండ్లకే ఎండినచో 50,000 పడును. నాలుగు బోర్లు వేయగా ఒక్కదానిలో నీరు పడినచో, తక్కిన మూడింటి ఖర్చును కూడ ఆ ఒక్క బోరు నీటి మీదనే వేయవలెను. ఈ పద్దు వ్రాసి చూచిన రైతు ఎవ్వడును బోరు నీటిని ఉచితమనడు. మన కరువు జిల్లాలలో ఎందరో రైతుల అప్పులకు మూలము పంట నష్టము కాదు, ఎండిన బోర్లే.

నీటిని కొలుచుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. 200 లీటర్ల డ్రమ్ము, సెకన్లు చూపు గడియారము చాలును. డ్రమ్ము 100 సెకన్లలో నిండినచో బోరు సెకనుకు 2 లీటర్లు పోయుచున్నది. దినమునకు 9 గంటల చొప్పున నూరు దినములు నడిపినచో 64.8 లక్షల లీటర్లు. ఎకరము మీద ఒక మిల్లీమీటరు మందమున నీరు నిలుపుటకు 4,047 లీటర్లు కావలెను. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు, అనగా 48.6 లక్షల లీటర్లు పట్టును. యాసంగి వేరుశనగకు 500 మిల్లీమీటర్లు, అనగా 20.2 లక్షల లీటర్లు. ఆ బోరు క్రింద వరి ఒక ఎకరమున్నర కూడ పారదు. వేరుశనగ మూడు ఎకరములకు పైగా పారును. ఎకరమునకు వరిలో 16,000, వేరుశనగలో 12,000 మాత్రమే మిగులుననుకొన్నను, ఆ బోరు నీటితో వరి రైతునకు సుమారు 21,300, వేరుశనగ రైతునకు 38,400 మిగులును. నీరే కొరతయైన చోట ఎకరమునకు ఎంత మిగిలినదని అడుగరాదు. లక్ష లీటర్లకు ఎంత మిగిలినదని అడుగవలెను. భూమి తక్కువగా ఉండి నీరు సమృద్ధిగా ఉన్నవానికి ఈ లెక్క వర్తింపదనుట నిజమే. అట్టివారు బోరు గ్రామములలో ఎందరున్నారో సభ్యులకు తెలియును.

ఈ పనిని మన రైతులే చేసి చూపిరి. 2003లో ఆరంభమైన ‘రైతుల నిర్వహణలో భూగర్భ జలము’ అను పథకము అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగరు, నల్లగొండ జిల్లాలలో 600కు పైగా గ్రామములలో నడచినది. నెదర్లాండ్సు ప్రభుత్వము, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పడినవి. వర్షమాపకములను రైతులే చూచిరి. గుర్తించిన బోర్లలో నీటి మట్టమును పదునైదు దినముల కొకసారి స్త్రీలును పురుషులును కొలిచి పుస్తకములో వ్రాసిరి; గోడల మీద అందరికి కనబడునట్లు అంకెలు వేసిరి. వానలు వెనుకబట్టిన పిమ్మట, యాసంగి విత్తనమునకు ముందు, ఊరంతయు కూడి నీటి బడ్జెట్టు వేసికొనెడివారు. ఫలానా పంట వేయరాదని ఎవ్వరును ఆజ్ఞ చేయలేదు, జరిమానా వేయలేదు. ఇంత నీరున్నది, మీరు వేయదలచిన పంటలకు ఇంత కావలెను, ఇంత లోటు అని చూపుట వరకే. పిమ్మట ఎవరి చేను వారిదే. అయినను చాలచోట్ల వరి విస్తీర్ణము తగ్గినది, ఆరుతడి పంటలు పెరిగినవి. అంకె కంటికి కనబడినప్పుడు రైతు తన లాభమును తానే ఎఱుగునని దీనివలన తెలియుచున్నది.

ఆ బడ్జెట్టు ఎట్లు వేయుదురో చూడుడు. గ్రామ విస్తీర్ణము 1,000 హెక్టార్లు, కురిసిన వాన 500 మిల్లీమీటర్లు అనుకొందము. పడిన నీరు 50 లక్షల ఘనపు మీటర్లు. మన రాతి నేలలలో ఇందు సుమారు పదవ వంతు మాత్రమే లోనికి దిగును: 5 లక్షలు. త్రాగుటకు, పశువులకు, ప్రక్కకు జారిపోవుటకు ఒక లక్ష తీసివేసినచో 4 లక్షలు మిగులును. ఎకరము వరికి 4,856 ఘనపు మీటర్లు. అనగా 2,470 ఎకరముల గ్రామములో 82 ఎకరముల వరితో ఆ ఏటి నీరు చెల్లిపోవును! అదే నీటితో వేరుశనగ సుమారు 197 ఎకరములు పారును. మడిలో నిలిపిన నీటిలో కొంత మరల ఇంకుననుట సత్యమే; దానిని కలిపినను పై వరుస తారుమారు కాదు.

సభ్యులను మోసగించు అంకె ఇంకొకటి కలదు. వానలకు బోరులో నీరు మూడు మీటర్లు పైకి వచ్చినదని ఊరు సంతోషించును. కాని శిథిలమైన నల్లరాతి పొరలలో నీరు నిలుచు చోటు నూటికి ఒకటి రెండు పాళ్లే. ఒకటిన్నర పాళ్లు అనుకొన్నచో, ఒక మీటరు మట్టము పెరుగుట అనగా 15 మిల్లీమీటర్ల నీరు మాత్రమే. ఒక ఎకరము వరి త్రాగు 1,200 మిల్లీమీటర్ల కోసము ఎనుబది ఎకరముల క్రింద ఒక మీటరు మట్టము దిగిపోవలెను. పొరుగువాని బోరు ఎందుకెండినదో ఈ ఒక్క అంకె చెప్పును.

పంచాయతి చేయదగిన పని

మొదటి ఏడు ఊరంతటిని కదిలింపబూనుట తెలివి కాదు. పదునైదు ఇరువది మంది రైతులు, ఒక పంట, ఒక వర్షమాపకము, నాలుగైదు గుర్తించిన బోర్లు చాలును. లెక్క వ్రాయుటకు పొదుపు సంఘములలో పుస్తకములు వ్రాసి ఆరితేరిన స్త్రీలు ప్రతి ఊర ఉన్నారు. వారిని మించిన గుమాస్తాలు దొరకరు. ఆంధ్రప్రదేశములో రైతు సేవా కేంద్రమునందును, తెలంగాణలో రైతు వేదికయందును కూర్చుండుటకు చోటు, వ్యవసాయోద్యోగి సలహా లభించును. పంట అమ్ముడుపోయిన నెలలోపుననే లెక్కలు ముగింపవలెను. ఆలస్యమైన కొలది జ్ఞాపకము కల్పన అగును. నీటి సమావేశము అక్టోబరు, నవంబరు నెలలలో, విత్తనము కొనక పూర్వమే జరుగవలెను. విత్తనము కొనిన పిమ్మట చెప్పు హితవు ఎవరికిని పనికిరాదు.

పట్టికలో పేర్లు ఉండరాదు, అంకెలే ఉండవలెను. ‘ఏడవ రైతు’ ఎవరో ఆ రైతునకును, లెక్క వ్రాసినవారికిని తప్ప తెలియరాదు. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రములో మొక్కజొన్న రైతుల సంఘము ఇటీవలి కాలములో ఇట్టి పథకమే నడుపుచున్నది. చేనువారీ ఖర్చులను, భూసంరక్షణ పనులను ఒకేచోట వ్రాసి, పేర్లు బయటపెట్టక పోల్చి చూపుదురు. అధికముగా దున్నిన దున్నకములు, సిఫారసుకు మించి వేసిన నత్రజని తమ ఖర్చును తిరిగి తెచ్చుకొనుట లేదని అక్కడి లెక్కలలో కూడ తేలినది. వేలాది ఎకరములు సేద్యము చేయువారికే గోప్యము కావలసి వచ్చినప్పుడు, మన చిన్న రైతునకు మఱింత కావలెను. ఎకరమునకు 26,000 మిగిలినదని భూస్వామికి తెలిసినచో మరుసటి ఏడు కౌలు పెరుగును. ఇంత మిగులుచున్నదని వ్యాపారికి తెలిసినచో అరువు వసూలు ముందుకు జరుగును.

కౌలుదారుల సంగతి వేరుగా ఆలోచింపవలసియున్నది. పట్టికలో కౌలుదారులను, సొంత రైతులను కలిపి వ్రాసినచో కౌలుదారులందరును అడుగునకు చేరుదురు. వారి సేద్యము చెడ్డదని కాదు, కౌలు పద్దు వలన. అందుచేత కౌలు కలుపక ఒకసారి, కలిపి ఒకసారి రెండు వరుసలు వ్రాయవలెను. మొదటి వరుసలో పైనుండి రెండవ వరుసలో క్రిందికి జారినవానికి ఎరువుల సలహా అక్కరలేదు. కౌలు ధర గురించి మాట్లాడువారు కావలెను. మరియు ఏడాదికొకసారి చేను మారు కౌలుదారుడు చెరువు మట్టి తోలడు, గట్టు వేయడు. మూడేండ్ల ఫలమును అనుభవించువాడు వేరొకడని అతనికి తెలియును. భూస్వామి ఆ ఖర్చులో సగము భరించుటకో, కౌలు గడువును మూడేండ్లు చేయుటకో ఒప్పించు పని పంచాయతి సభ్యులదే. భూస్వామి ఎదుట ఆ రెండు వరుసలను, చేని భూసార పత్రమును పెట్టి మాట్లాడినచో సంభాషణ వేరు విధముగా నడచును. ఆంధ్రప్రదేశములో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద పదకొండు నెలలకు వ్రాయు పత్రము రుణమునకు, పంట బీమాకు పనికివచ్చును. భూస్వామి సంతకము పెట్టుటకు జంకుచున్నచో, ఆ పత్రము వలన అతని యాజమాన్య హక్కునకు భంగము లేదని చట్టములోనే యున్న సంగతి ముందుగా అతనికి చదివి వినిపింపవలెను.